పువ్వు ఒక పూట, రంగు ఒక వారం: ఆయిల్ కలర్స్‌లో పూలూ పండ్లూ వేయడం

గోదావరిఖని నుంచి ఇంకో ఎపిసోడ్. పోయినసారి పెన్సిల్ షేడింగ్ గురించి మాట్లాడుకున్నాక చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ఆయిల్ పెయింటింగ్‌లో పూలు, పండ్లు అచ్చం ఉన్నట్టే ఎలా వేస్తారు?" కొందరు బ్రష్ నంబర్లు అడిగారు, కొందరు ట్యూబుల లిస్టు పెట్టమన్నారు. లిస్టు చెప్తాను, అది రెండు నిమిషాల పని. అసలు చిక్కు సామానుతో రాదు, టైమ్‌తో వస్తుంది.

లెక్క చూడండి. తంగేడు పువ్వు పొద్దున తెంపితే సాయంత్రానికి తలవాల్చేస్తుంది. ఆయిల్ కలర్ ఒక పొర వేశాక, వేలు పెడితే అంటకుండా ఉండడానికి రెండు రోజుల నుంచి వారం పది రోజుల దాకా పడుతుంది. రంగును బట్టి, మందాన్ని బట్టి మారుతుంది. మంచి బొమ్మకి తక్కువలో తక్కువ మూడు పొరలు. అంటే మీ ముందున్న పువ్వు వాడి రాలిపోయాక కూడా మీరు దాన్నే వేస్తూ కూర్చోవాలి. అందుకని ఈ రోజు టెక్నిక్ అంతా ఈ ఒక్క గొడవ చుట్టూనే చెప్తాను: ఏది ముందు వాడుతుంది, ఏది ముందు వేయాలి, పువ్వు పోయాక దాని రంగు ఎక్కడ దాచుకోవాలి.

ఈ గొడవ పాతదే. హాలండ్‌లో యాన్ వాన్ హైసమ్ అని పూల బొమ్మలకి పేరుపడ్డ ఆర్టిస్ట్ ఉండేవాడు, 1682లో పుట్టి 1749లో పోయాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఆయన వేసిన పూలకుండీ బొమ్మ ఒకటి ఉంది. దాని మీద సంతకం పక్కన రెండు సంవత్సరాలు రాసి ఉంటాయి, 1736, 1737. ఒక్క కుండీకి రెండేళ్ళు! పసుపు గులాబీ దొరకలేదు కాబట్టి బొమ్మ వచ్చే ఏడాదికి గానీ పూర్తవ్వదని ఆయన డబ్బులిచ్చేవాళ్ళకి చెప్పిన సందర్భం కూడా ఉంది. మన ప్రాజెక్ట్ డెడ్‌లైన్లకి ఇలాంటి సాకు చెప్తే మేనేజర్ ఏమంటాడో ఊహించుకోండి. ఆయనకంటే ముందుతరం రాహెల్ రాయిష్, 1664లో పుట్టింది. వాళ్ళ నాన్న వృక్షశాస్త్రం చెప్పే ప్రొఫెసర్. పదిమంది పిల్లల్ని కని, ఎనభై దాటాక కూడా పూలు వేస్తూనే ఉంది. ఆ కాలపు హాలండ్ బొమ్మల్లో ఒకే కుండీలో వసంతంలో పూసేవీ, వేసవి చివర్లో పూసేవీ కలిసి కనిపిస్తాయి. నిజంగా ఆ పూలన్నీ ఒకే రోజు ఎవరి టేబుల్ మీదా లేవు. ఏ పువ్వు దొరికినప్పుడు దాన్ని విడిగా స్టడీ చేసుకుని, తర్వాత ఒక్కచోట కూర్చేవాళ్ళు. "అచ్చం ఉన్నట్టే ఉంది" అని మనం ఆశ్చర్యపోయేది అలా కూర్చిన బొమ్మని చూసే.

మన వైపు మనుషులు ఆయిల్ ముట్టలేదా అంటే, ముట్టారు. పి.టి. రెడ్డి, అంటే పాకాల తిరుమల రెడ్డి, మన పాత కరీంనగర్ జిల్లా అన్నారంలో 1915లో పుట్టారు. బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి ఆయిల్‌లో చాలా పని చేశారు. గోదావరిఖని కూడా 2016లో పెద్దపల్లి జిల్లా అయ్యేదాకా ఆ కరీంనగర్ జిల్లాలోదే. హైదరాబాద్ పోయినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పెయింటింగుల గదికి ఒకసారి వెళ్ళండి. సబ్బు బుడగల బొమ్మ దగ్గర అందరూ సెల్ఫీ దిగుతుంటారు. మీరు మాత్రం ఏ బొమ్మ దగ్గరైనా పక్కకి జరిగి, కాన్వాస్ మీద లైటు ఏటవాలుగా పడేచోట నిలబడి చూడండి. ఎక్కడ రంగు పల్చగా ఉందో, ఎక్కడ మందంగా పెట్టారో తెలిసిపోతుంది. ఫోన్ స్క్రీన్ మీద ఇది కనపడదు.

"మరి ఫోటో తీసుకుని దాన్ని చూసి వేస్తే అయిపోతుంది కదా?" అంటారు. సగం అవుతుంది. నేనూ ఫోటో తీస్తాను, ఇన్సూరెన్స్ లాగా. కానీ ఫోన్ కెమెరా నీడల్ని దానంతటదే వెలిగిస్తుంది, దూరంగా ఉన్నదాన్నీ దగ్గర ఉన్నదాన్నీ ఒకే పదునుతో చూపిస్తుంది. బంతి పువ్వు ఫోటో జూమ్ చేసి చూడండి. చాలా ఫోన్లలో ఎండ పడ్డ రేకుల మధ్య తేడా పోయి ఒకటే నారింజ ముద్దలా వస్తుంది, ఎందుకంటే సెన్సార్‌లో ఎరుపు ఛానల్ నిండిపోతుంది. అది చూసి వేస్తే మీ బొమ్మలో కూడా ముద్దే వస్తుంది. ఫోన్ ఇంకో పనికి బాగా పనికొస్తుంది: ఫిల్టర్‌ని బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టి మీ ఏర్పాటుని ఒకసారి, మీ బొమ్మని ఒకసారి చూడండి. పసుపు బంతి, పచ్చ జామకాయ, ఇత్తడి చెంబు, వీటిలో ఏది ఎంత ముదురో, ఎంత లేతో అప్పుడు తెలుస్తుంది. రంగు కొంచెం తప్పినా బొమ్మ నిలబడుతుంది. ముదురూ లేతా తప్పితే పండు గుండ్రంగా రాదు, కాగితానికి అతికించినట్టు ఉంటుంది.

సరే, ఏం వేద్దాం? గులాబీలు, ద్రాక్షలు, వైన్ గ్లాసు వద్దండీ, యూట్యూబ్ నిండా అవే. నేను పెట్టుకున్నవి బంతి, తంగేడు, గునుగు, రెండు జామకాయలు, ఒక సీతాఫలం, ఒక ఇత్తడి చెంబు. బతుకమ్మ సీజన్ సామాను. ఇంకో కారణం కూడా ఉంది. మా నాన్న సింగరేణిలో ముప్పై ఏళ్ళు పైగా బాయిలో పని చేసి ఈ ఏడాది రిటైర్ అవుతున్నాడు. రిటైర్ అయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి, అది అందరికీ ఉన్న రూలే. క్వార్టర్ వెనకాల జామచెట్టు, ముందు బంతి మొక్కలు మా అమ్మ పెట్టినవి. వచ్చే బతుకమ్మకి ఆ బంతిపూలు ఇంకొకళ్ళు తెంపుకుంటారు. అందుకే బజార్లో దొరికినా బంతీ జామకాయా మాత్రం ఇంట్లోవే పెట్టాను. మా అమ్మకి ఈ ఆలోచన మొదట్లో ఎక్కలేదు. "గీ పూలు పొద్దుమీకంగ నీళ్ళల్ల కలుపుతం గదరా, నువ్వు గివిటిని ముంగటేసుకొని నెల కూసుంటవా?" అంది. న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు. "నువ్వు బతుకమ్మ పేర్చు, నేను మిగిలిన పూలు తీసుకుంటా" అన్నాను.

ముందు వెలుతురు. గదిలో ట్యూబ్‌లైట్ ఆపేయండి. ఒక్క కిటికీ చాలు. ఉత్తరం వైపు కిటికీ అయితే రోజంతా వెలుతురు పెద్దగా మారదు. తూర్పు వైపు అయితే రోజూ ఒకే టైమ్‌కి రెండు గంటలు మాత్రమే కూర్చోండి. ఆన్‌లైన్ ఆర్డర్ వచ్చిన పెద్ద అట్టపెట్టె ఒకటి తీసుకుని, ఒక పక్క కోసేసి, లోపల ముదురు రంగు గుడ్డ వేసి, అందులో పూలు పండ్లు సర్దండి. కోసిన పక్క కిటికీ వైపు ఉండాలి. వెలుతురు ఒక్క వైపు నుంచే పడుతుంది, నీడలన్నీ ఒక్క వైపే పోతాయి. దీని గురించి నేను పుస్తకాల్లో చదివినదానికంటే మా నాన్న ఒక్క ముక్కలో బాగా చెప్పాడు. బాయిలో కాప్ ల్యాంప్‌తో రూఫ్ చూసేవాళ్ళకి తెలిసిన సంగతి: "లైటు నేరుగ కొడితే ఏం కనవడదు. పక్కకెల్లి కొడితేనే పగులు కనవడ్తది." సీతాఫలం మీద ఉన్న బుడిపెలకి కూడా ఇదే వర్తిస్తుంది. మీ ఫోన్ ఫ్లాష్ నేరుగా కొడితే అది పచ్చ బంతి. పక్క నుంచి వెలుతురు పడితే ప్రతి బుడిపెకీ ఒక వెలుగు, ఒక నీడ.

ఇప్పుడు ఆయిల్ సంగతి, కాస్త ఓపిగ్గా వినండి. ఇది అర్థమైతే మిగతా రూల్స్ బట్టీ పట్టక్కర్లేదు. వాటర్ కలర్ ఆరడం అంటే నీళ్ళు ఆవిరైపోవడం. ఆయిల్ కలర్ అలా ఆరదు. అందులో ఉండే అవిసె నూనె గాలిలో ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది, నూనె అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టి పొర అవుతుంది. ఆరేటప్పుడు బరువు తగ్గకపోగా కొంచెం పెరుగుతుంది కూడా! అందుకే వంటింటి పల్లి నూనె కలపకూడదు, అది ఎన్ని రోజులైనా జిడ్డుగానే ఉంటుంది. మన తెలంగాణలో పండే కుసుమల నూనె మాత్రం ఆరే రకమే. అవిసె కంటే తక్కువ పసుపెక్కుతుంది కాబట్టి తెల్లరంగు ట్యూబుల్లో దాన్ని వాడుతుంటారు.

గాలి పీల్చుకునే ఈ పనిలో వేడి పుడుతుంది. మామూలుగా కాన్వాస్ మీద పల్చటి పొర కాబట్టి ఆ వేడి తెలియదు. కానీ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండలా చుట్టి మూలకి పడేస్తే, లోపల వేడి బయటికి పోలేక పెరిగి పెరిగి, అగ్గిపుల్ల లేకుండానే అంటుకోవచ్చు. మన ఊరి వాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, బొగ్గు కుప్ప దానంతటదే రాజుకునేది కూడా గాలితో కలిసి లోపల వేడెక్కడం వల్లే. కాబట్టి నూనె గుడ్డల్ని బయట విడివిడిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్ళు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీ తెరిచి ఉండాలి, పొయ్యి దగ్గర్లో ఉండకూడదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకా జాగ్రత్త.

సామాను: టైటానియం వైట్, లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్, వెర్మిలియన్, క్రిమ్సన్, అల్ట్రామరీన్ బ్లూ, బర్న్‌ట్ సియెన్నా, బర్న్‌ట్ అంబర్, ఐవరీ బ్లాక్. స్టూడెంట్ క్వాలిటీ చాలు. బ్రష్‌లు మూడు: ఒక వెడల్పుది, ఒక మధ్యరకం, ఒక సన్నది. ఆర్ట్ షాపులో దొరికే అవిసె నూనె ఒక సీసా. హార్డ్‌వేర్ షాపులో దొరికే బాయిల్డ్ రకం వద్దు, అది త్వరగా ఆరుతుంది కానీ ముదురుగా మారిపోతుంది. కాన్వాస్ 12 బై 16 అంగుళాలది, పైన తెల్లటి ప్రైమర్ పూత ఉన్నది. పూత లేని గుడ్డ మీద నూనె రంగు వేస్తే ఆ నూనెకే గుడ్డ మెల్లగా పెళుసెక్కిపోతుంది. చేర్యాల నకాషీ వాళ్ళని చూడండి, ఖాదీ గుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించకుండా బొమ్మ మొదలుపెట్టరు. వాళ్ళ రంగులు వేరు, అవసరం వేరు, కానీ గుడ్డని ముందు సిద్ధం చేయాలన్న తెలివి ఒకటే.

మొదటి రోజు పొద్దున్నే కూర్చోండి. బర్న్‌ట్ అంబర్‌ని టర్పెంటైన్‌తో టీ డికాషన్ అంత పల్చగా చేసి, బొమ్మ మొత్తం ఆ ఒక్క గోధుమ రంగులోనే వేయండి. నీడలు పులమండి, వెలుగున్నచోట పాత బనియన్ గుడ్డతో తుడిచేయండి. గంటన్నరలో అయిపోవాలి. రేకులు లెక్కపెట్టకండి. అంబర్ త్వరగా ఆరే రంగు, మన ఎండలకి మర్నాటికే చాలావరకు ఆరుతుంది.

అదే పొద్దున, తంగేడు వాడకముందే, ఇంకో పని. ఇది అందరూ వదిలేస్తారు, నా దృష్టిలో ఈ ఎపిసోడ్‌లో ముఖ్యమైనది ఇదే. ప్రైమర్ పూసిన ఒక అట్టముక్క తీసుకుని ప్రతి పువ్వుకీ, ప్రతి పండుకీ మూడు మూడు రంగులు కలిపి చుక్కలు పెట్టుకోండి: వెలుగులో ఏ రంగు, మధ్యలో ఏ రంగు, నీడలో ఏ రంగు. కలిపిన చుక్కని కత్తి మొనతో తీసి, పువ్వు పక్కన పెట్టి చూడండి. సరిపోయాకే అట్ట మీద పెట్టండి. పక్కనే ఏ ట్యూబులు కలిపారో రాసుకోండి. పువ్వు సాయంత్రానికి పోతుంది. ఈ అట్ట నెల తర్వాత కూడా మీతో ఉంటుంది. ఫోటో ఆకారం గుర్తుపెట్టుకుంటుంది, రంగుని ఈ అట్ట గుర్తుపెట్టుకుంటుంది.

ఇక వరస. రంగుల పొరలో ముందు తంగేడు, ఒక్క సిట్టింగ్‌లో, పల్చగా. తర్వాత బంతి, నీళ్ళలో పెడితే మూడు నాలుగు రోజులు ఆగుతుంది. సీతాఫలం తొందరపెడుతుంది. కాయ పండేకొద్దీ బుడిపెల మధ్య గీతలు విచ్చుకుంటాయి, తొక్క నల్లబడుతుంది. అందుకని గట్టి కాయలు రెండు మూడు తెచ్చుకుని ఒకదాని తర్వాత ఒకటి అదే చోట పెట్టండి, మిగిలినవి తినేయండి. జామకాయ కాస్త ఆగుతుంది. గునుగు అన్నిటికంటే చివర, ఎందుకంటే అది ఎండినా ఆకారం పోదు. చెంబుకి తొందరే లేదు, అది మన తర్వాత కూడా ఉంటుంది.

బంతిని బంతిలాగే వేయండి, పేరులోనే ఉంది. ముందు ఒక గుండ్రటి ఉండ, వెలుగు వైపు, నీడ వైపు. ఆ తర్వాత వెలుగు నీడలోకి తిరిగేచోట మాత్రం ఎనిమిదో పదో రేకుల అంచులు స్పష్టంగా పెట్టండి. మిగతావి కళ్ళే పూరించుకుంటాయి. సీతాఫలం కూడా అంతే, అన్ని బుడిపెలూ ఒకే శ్రద్ధతో వేస్తే మొసలి చర్మంలా తయారవుతుంది.

నీడలకి వస్తే, నీడ అనగానే చెయ్యి నల్ల ట్యూబు మీదకి పోతుంది. పసుపులో నలుపు కలిపి చూడండి, ముదురు పసుపు రాదు, పాచి పచ్చ వస్తుంది. తంగేడు నీడకి ఎల్లో ఓకర్‌లో కొంచెం బర్న్‌ట్ సియెన్నా, చిటికెడు క్రిమ్సన్. బంతి నీడకి వెర్మిలియన్, సియెన్నా, కొంచెం క్రిమ్సన్, అంతే. "నలుపు అసలు వాడొద్దు" అని ఇంటర్నెట్‌లో చాలామంది చెప్తారు, నేను ఒప్పుకోను. అదే పసుపు-నలుపు పాచి పచ్చ సీతాఫలానికి కరెక్ట్‌గా సరిపోతుంది! అయినా బొగ్గు ఊళ్ళో ఉండి నలుపు అంతా ఒకటే అనుకుంటే ఎలా? అప్పుడే పగిలిన బొగ్గు పెళ్ళని ఎండలో పట్టుకోండి, నీలంగా మెరుస్తుంది. అదే బొగ్గు పొడి రోడ్డు పక్క ఆకుల మీద పడితే గోధుమ బూడిద రంగు. ఐవరీ బ్లాక్ ట్యూబులో ఉండేది బొగ్గు కూడా కాదు, ఎముకలు కాల్చిన మసి. వెనకాల గుడ్డకి నేరుగా ఆ ట్యూబు పూయకుండా అల్ట్రామరీన్, బర్న్‌ట్ అంబర్ కలిపి ముదురు చేయండి. లోతు కనిపిస్తుంది.

రెండో పొరలో జామకాయ కింది భాగాన్ని బాగా చూడండి. అక్కడ పచ్చ ఉండదు, పక్కనున్న బంతి వెలుగు పడి సన్నటి నారింజ జీర ఉంటుంది. చెంబు మీద మీ కిటికీ, మీ చొక్కా, సీతాఫలం అన్నీ వంకరగా ఉంటాయి. మెరుపు చుక్క పూర్తి తెలుపు కాదు, కాస్త పసుపు కలిసిన తెలుపు. ఇవి పెట్టిన క్షణంలో విడివిడి వస్తువులు ఒకే గదిలోకి వస్తాయి. వెనకాల ఉన్న గునుగు అంచుల్ని పొడి బ్రష్‌తో మెత్తగా లాగేయండి, అన్ని అంచులూ బ్లేడుతో కోసినట్టు ఉంటే గాలి ఆడదు.

పొరల విషయంలో ఒక్క నియమం: కింద పొరలో నూనె తక్కువ, పైకి పోయేకొద్దీ నూనె ఎక్కువ. నూనె ఎక్కువున్నది మెల్లగా ఆరుతుంది, ఆరుతూ కదులుతుంది. అది కింద ఉండి, పైన త్వరగా గట్టిపడే పొర ఉంటే, కింద కదలికకి పైన పగుళ్ళు వస్తాయి. కోడ్ రాసేవాళ్ళకి చెప్పాలంటే, కింద లైబ్రరీ ఇంకా మారుతుండగా పైన రిలీజ్ చేసినట్టు.

మన ఊళ్ళో ఇంకో ప్రత్యేకమైన తిప్పలు దుమ్ము. పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. తడి ఆయిల్ రంగు దుమ్ముని అయస్కాంతంలా పట్టేస్తుంది. సిట్టింగ్ అవ్వగానే కాన్వాస్‌ని గోడ వైపు ముఖం పెట్టి, పైభాగం గోడకి ఆనేలా ఏటవాలుగా నిలబెట్టండి, దుమ్ము వెనకవైపు పడుతుంది. గది ఊడ్చిన వెంటనే బొమ్మ ముందు కూర్చోకండి, గంట ఆగండి. రంగు మీద నలుసు పడితే తడిగా ఉండగా గోకకండి, ఆరాక మెత్తటి బ్రష్‌తో దులపండి. దుమ్ముకి భయపడి బీరువాలో మాత్రం పెట్టొద్దు. చీకట్లో అవిసె నూనె పసుపెక్కుతుంది. అలా పసుపెక్కినా మళ్ళీ వెలుతురులో ఉంచితే చాలావరకు తేరుకుంటుంది, కానీ నేరుగా ఎండలో పెట్టకండి. 45 డిగ్రీలు చూసే ఊరు మనది.

మా అమ్మ మూడో వారంలో వచ్చి చూసింది. బంతిపూలు ఎప్పుడో పోయాయి, జామచెట్టు మీద ఇంకో కాపు. కొంచెంసేపు చూసి, "గునుగు గింత తెల్లగ ఉండదు, కొసకు గులాబి ఉంటది" అంది. అట్టముక్క తీసి చూశాను, గునుగు పక్కన క్రిమ్సన్ చుక్క ఉంది, బొమ్మలో ఆ కొసలు ఇంకా వేయలేదు. ఆ రోజే పెట్టాను.

వార్నిష్‌కి తొందరపడొద్దు. పైకి ఆరినట్టున్నా లోపల పొరలు నెలల తరబడి గాలి పీల్చుకుంటూనే ఉంటాయి. ఇప్పుడే వార్నిష్ వేస్తే ఆ దారి మూసేసినట్టే. ఆరు నెలలు ఆగండి. బతుకమ్మకి మొదలుపెట్టినవాళ్ళు ఉగాది దాటాక, గాలి దుమారం లేని రోజు చూసి, మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, వెడల్పు బ్రష్‌తో ఒకే ఒక్క పల్చటి పూత వేయండి. అప్పటికి మేము ఏ ఇంట్లో ఉంటామో ఇంకా తేలలేదు. కొత్త ఇంట్లో ఉత్తరం వైపు కిటికీ ఉందా అని నేనూ, జామచెట్టుకి జాగా ఉందా అని మా అమ్మా చూస్తున్నాం.